చుక్క కట్టని వాము అర్కు

నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపులో చంటిపిల్లల మందు సీసా ఒకటి జారి పగిలి, వాము వాసన గుప్పుమంది. అరవై దాటినదాన్ని, కౌంటరు పట్టుకుని నిలబడిపోయాను.

డెబ్బైల్లో మేం ఉయ్యూరు పక్కన ఉండేవాళ్లం. చెరుకు బళ్లు నడిచే రోజుల్లో ఊరంతా తీపి వాసన కొట్టినా మా ఇంట్లో మాత్రం వాము ఘాటుదే పైచేయి. చుట్టుపక్కల ఏ పసిబిడ్డకు కడుపులో నొప్పొచ్చినా అమ్మ తీసే వాము అర్కే మందు. ఇత్తడి డేగిసాలో నీళ్లూ వామూ పోసి, మధ్యలో ఇటుక ముక్క మీద గిన్నె పెట్టి, పైన గుంటగా ఉండే మూతలో చల్లటి కాలవ నీళ్లు నింపేది. అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అదిమి, ఒక్కచోట సందు వదిలి, బుసకొట్టే ఆవిరి లోపలి గాలినంతా తరిమేశాకే దాన్నీ మూసేది. ఇక ఆవిరి మూతకు తగిలి చుక్కలై గిన్నెలో పడేది. పైనున్న నీళ్లు వేడెక్కగానే మార్చడం నా ఉద్యోగం.

"మూత మాత్రం తియ్యమాకే తల్లీ, గాలి దూరితే చుక్క కట్టదు," అనేది.

ఒక వానాకాలం మా తొమ్మిది నెలల తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ వాణ్ణి భుజాన వేసుకునే పొయ్యి రాజేసింది. నాకు ఎనిమిదేళ్లు, కుదురు తక్కువ, కుతూహలం ఎక్కువ. అమ్మ అవతలి గదిలోకి వెళ్లగానే, చుక్క పుట్టడం చూద్దామని మూత ఎత్తాను. ఆవిరి మొహాన కొట్టింది. వేళ్లు చుర్రుమన్నా కిక్కురుమనకుండా ముద్దని మళ్లీ చేతనైనట్టు అదిమేశాను. ఎప్పుడూ పావు గ్లాసు దిగేది, ఆ రోజు గిన్నె అడుగు తడిసిందంతే. ఆ చెంచాడూ వాడి నోట్లో పోసి అమ్మ మోకరించి ప్రార్థన చేసింది.

మర్నాడు ఆసుపత్రిలో తమ్ముడు పోయాడు. "ఒంట్లో నీరంతా పోయిందమ్మా, అర్కు ఎంత తాగినా ఆగేది కాదు," అని డాక్టరుగారు చెబితే అమ్మ వింటేగా! "ముద్ద నేనే సరిగ్గా పెట్టలేదండీ," అని పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి ఏడ్చింది. ఆ డేగిసా మళ్లీ పొయ్యెక్కలేదు.

పెద్దయ్యాక కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. ఆవిరిలో గాలి కలిస్తే అది చల్లటి మూత కింద పొరలా అడ్డు నిలుస్తుందనీ, అక్కడ ఆవిరి ఒత్తిడి తగ్గి చుక్కలు కట్టడం మందగిస్తుందనీ బోర్డు మీద బొమ్మలేసి మరీ వివరించేదాన్ని. పరాయి పిల్లలకు చెప్పడానికి నోరు బాగానే వచ్చింది.

ఇప్పుడు మా పెంకుటింటి చోట అపార్టుమెంటు లేచింది. అర్కు తీసేవాళ్లూ లేరు, అమ్మా లేదు. చివరి రోజుల్లో మంచంలో ఉండి కూడా, "ఆ రోజు ముద్ద గట్టిగా పెట్టుంటే..." అని మొదలెట్టేది. నేను చెయ్యి నిమిరి, "పోనీలేమ్మా," అనేదాన్ని, నేనేదో ఆమెను క్షమిస్తున్నట్టు.