డ్రైవరు చూసిన జలపాతం

“ఇన్నేళ్ళ నుంచీ బావగారు ఊళ్ళు తిరుగుతున్నారు, బాగానే ఉంది. నిన్నొక్కసారైనా తీసుకెళ్ళారా? ముందది చెప్పు.”

“తీసుకెళ్ళకపోతే ఏం? చూసిందంతా కళ్ళకి కట్టినట్టు చెప్తారు. మీ ఆయనలాగా ఫోను చేతిలో పెట్టి, వేలితో తోసుకుంటూ పో అనరు.”

“చెప్పడానికేం అక్కా, కాళ్ళు నొప్పి పుట్టవుగా!”

“ఏమిటే ఆ మాట? అబద్ధాలు చెప్తున్నారంటావా?”

“నేనన్నానా? నువ్వే అంటున్నావు.”

వంటింటి గోడకి ఇవతల మంచం మీద డ్రైవరు కళ్ళు మూసుకునే ఉన్నాడు. తెల్లారి ట్రిప్పు దిగి వచ్చి పడుకున్నవాడు. మామూలు రోజైతే ఒక దగ్గు దగ్గేవాడు, అక్కాచెల్లెళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. ఈ రోజు దగ్గు కూడా రాలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా పడి ఉన్నాడు. ఎందుకంటే మరదలు అన్నది అక్షరాలా నిజం.

అతను టూరిస్టు బస్సు నడుపుతాడు. కోట, మ్యూజియం, జలపాతం, మళ్ళీ ఇంటిముఖం. ఆ దారిలో ఏ మలుపులో ఏ గుంట ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ కోట లోపలికి వెళ్ళలేదు, మ్యూజియం గడప తొక్కలేదు, జలపాతం మెట్లు ఒక్కటి కూడా దిగలేదు. జనం దిగిపోయాక వాళ్ళ సామానంతా బస్సులోనే ఉంటుంది. చేరిన కొత్తలో ఒకసారి టీ తాగడానికి దిగితే ఎవరిదో సంచి మాయమైంది. “ఇంకోసారి బండి వదిలావంటే ఇంటికే పో” అన్నాడు ఓనరు. ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా అతని లోకం ఆ సీటు, ఆ అద్దం, ముందు నిలబెట్టిన ఇంకో బస్సు వెనక భాగం.

మరి ఆ కబుర్లన్నీ ఎక్కడివి? గైడు పుణ్యం. జలపాతం ఇంకాస్త దూరం ఉందనగా గైడు మైకు పట్టుకుని పాఠం అందుకుంటాడు. పాలనురుగులాంటి నీళ్ళు, పక్కవాడి మాట వినపడని హోరు, కుడి పక్కన ఏనుగు కూర్చున్నట్టుండే పెద్ద రాయి. ఇక కళ్ళతో చూసిన సాక్ష్యం కూడా ఒకటుంది. వెళ్ళేటప్పుడు పొడిగా దువ్వుకుని వెళ్ళిన తలలు, వచ్చేటప్పుడు నీళ్ళు కారుతూ వస్తాయి. ఇంతమంది తలలు తడిపిన జలపాతం చిన్నదెలా అవుతుంది? అని లెక్క కట్టుకున్నాడు. కొందరు బస్సెక్కుతూ “ఇంతేనా” అని మూతి విరిచేవాళ్ళు, నిజమే. అయితే జనం సముద్రాన్ని చూసి కూడా ఇంతేనా అంటారు. వాళ్ళ మాట ఎవడు పట్టించుకుంటాడు?

పెళ్ళైన కొత్తలో అతనికి ఇలాంటి కబుర్లు చెప్పే అలవాటు లేదు. ట్రిప్పు నుంచి వచ్చి, తిని పడుకునేవాడు. తోడల్లుడు వచ్చాకే రోగం మొదలైంది. ఆ తోడల్లుడు ఆఫీసులో పని చేస్తాడు, సెలవులు పెడతాడు, పెళ్ళాన్ని కారులో కూర్చోబెట్టుకుని ఏడాదికో చోటికి తీసుకెళ్తాడు. వచ్చాక వీళ్ళింటికే వచ్చి ఫొటోలు చూపిస్తాడు. మొదటిసారి అలా చూపించిన రోజున డ్రైవరు భార్య ఒక్కో ఫొటో దగ్గరా ఆగిపోయింది. కొండ మీద మంచులో చెల్లెలు నవ్వుతున్న ఫొటో దగ్గరైతే మరీను. ఆమె మొహంలో ఆశ చూశాడు డ్రైవరు. పచ్చిమిరపకాయ కొరికినట్టయింది అతనికి. ఆ కోపం కొండ మీద కాదు, ఆ ఫోను పట్టుకున్న చేతి మీద. ఆ రాత్రే అన్నాడు, “అదేం కొండ! మా జలపాతం ముందు దిగదుడుపు. వింటావా?”

ఆమె విన్నది. వింటూ నిద్ర మానుకుంది. అంతే, ఇక ఆగలేదు మనవాడు.

వీధిలో కూడా పేరు పడిపోయింది. ‘చూసొచ్చినాయన’ అంటారు. సెలవులకి ఎక్కడికైనా పోదామనుకున్న ప్రతివాడూ ముందు ఇతని గుమ్మం తొక్కుతాడు. టైలరు అడిగితే, “మ్యూజియంకి మిట్టమధ్యాహ్నం పో, లోపల చల్లగా ఉంటుంది. కోటకి పొద్దు వాలాక పో” అని చెప్తాడు. మంగలి అడిగితే, “కొత్త చెప్పులు వేసుకోకు, మెట్ల మీద కరుస్తాయి. జలపాతం దగ్గర ఎండ వీపు మీద పడేలా నిలబడు, ఇంద్రధనుస్సు కనపడుతుంది” అంటాడు. అందులో ఒక్క ముక్క సొంతం కాదు. అయినా చెప్పేటప్పుడు గొంతు తడబడదు.

ఇప్పుడు వంటింట్లో మరదలు పంతం పట్టింది. “సరే అక్కా, వచ్చే ఆదివారం మేమిద్దరం బావగారి బస్సులోనే వస్తాం. నువ్వూ రా. ఆ ఏనుగు రాయేదో చూద్దాం.”

“వస్తాను. దగ్గరుండి నేనే చూపిస్తాను” అంది అతని భార్య.

డ్రైవరు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. అప్పటికి కూడా దగ్గలేదు.

ఆదివారం బస్సులో ఆమె ముందు సీట్లోనే కూర్చుంది. గైడు మైకులో ఒక్కో మాటా అంటుంటే, అతనికంటే ముందు ఆమె పెదవులు కదిలాయి. “చూశావుటే, మీ బావగారు చెప్పినట్టే ఉంది” అని చెల్లెలికి మోచేత్తో పొడిచింది. అద్దంలో ఆ పొడవడం చూసి డ్రైవరుకి మలుపులో గేరు మార్చడం ఆలస్యమైంది.

జలపాతం దగ్గర బండి ఆపాడు. అందరూ దిగారు. భార్య కిటికీ కిందకి వచ్చి, “మీరు రారా?” అంది.

“బండి వదిలి ఎలా వస్తాను? రోజూ చూసేదే కదా” అన్నాడు.

ఆమె తల ఊపి వెళ్ళింది. మెట్ల మొదట్లో తోడల్లుడు చెయ్యి చాచి, “వదినా, జాగ్రత్త, పాకుడుంది” అన్నాడు. తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరినీ నిలబెట్టి ఫొటో తీశాడు. డ్రైవరు స్టీరింగు పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. తన పెళ్ళాం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక జలపాతం చూడబోతోంది, పక్కన ఉన్నది ఈ ఫోను దొర. పోనీ, వాడు తాగుబోతైనా, మాటకారి వెధవైనా తిట్టుకుని ఊరట పడేవాడు. వాడు మంచివాడు కూడానూ. అదే అసలు మంట. ముగ్గురూ మెట్లు దిగి తలలు కనపడకుండా పోయేదాకా చూసి, పని లేకపోయినా గుడ్డ తీసి ముందు అద్దం తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు మరదలి నవ్వు వినపడింది. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“బావగారూ! ఏనుగు లేచి ఎటో వెళ్ళిపోయినట్టుందండీ!”

“ఊరుకో” అన్నాడు తోడల్లుడు. “ఎండాకాలం కదన్నయ్యా, నీళ్ళు తగ్గినట్టున్నాయి. వానల్లో బ్రహ్మాండంగా ఉంటుందట.”

వాడు తనని కాపాడుతున్నాడు. ఆ సంగతి అర్థమై డ్రైవరుకి ఒళ్ళు ఇంకా మండింది.

భోజనాల గంట. గైడు అందరినీ షెడ్డు కిందకి తోలుకుపోయాడు. భార్య మాత్రం బస్సు దగ్గరే ఆగిపోయింది. ఆమె తల తడవలేదు.

“గైడుని అడిగాను, రాయేదీ అని” అంది. “మెట్లు వెడల్పు చెయ్యడానికి ఎప్పుడో పగలగొట్టేశారట. ‘బస్సులో అనడం అలవాటైపోయిందమ్మా, ఇంకోలా చెప్పడానికి నోరు తిరగదు’ అన్నాడు. పైన ఆనకట్ట కట్టాక నీళ్ళు కూడా సరిగా రావట. సన్నగా తాడులాగా కారుతున్నాయి. జనం స్నానాలకని ఆ పక్కన పైపులు పెట్టారు. ఈ తలలన్నీ ఆ పైపుల కింద తడిసినవే.”

డ్రైవరు మళ్ళీ గుడ్డ తీశాడు.

“అందరి ముందూ చెప్పానండీ. మా ఆయన చూశారు, రాయి కుడి పక్కనుంటుందని. చెల్లెలు ఒకటే నవ్వు.” గొంతు తగ్గించింది. “మీరెప్పుడూ దిగలేదు కదూ?”

“దిగితే బండెవరు చూస్తారు?”

“ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడానా?”

“ఒక్కసారి కూడా.”

“మరి నాకెందుకు చెప్పారు అదంతా?”

అతను గుడ్డని చేతిలో మెలిపెట్టాడు. “వాడి ఫొటోలు అలా చూశావు మరి. నా మొహం ఎప్పుడైనా అలా చూశావా? కబుర్లు మొదలుపెట్టాక చూశావు.”

ఆమెకి కోపం రావాలి, వచ్చింది కూడా. “తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ ఫొటోల్లో నేను చూసింది వాణ్ణా? చెల్లెలి పక్కన మొగుడున్నాడు, అది చూశాను. నాకు కబుర్లు ఇచ్చి కూర్చోబెట్టారు మీరు.”

షెడ్డు కింద ఎవరో ఇంకో పొట్లం అడుగుతున్నారు.

“పదండి” అందామె. “ఆ తాడైనా, పైపైనా, మీ కళ్ళతో చూద్దురుగాని.”

“బండి?”

ఆమె షెడ్డు వైపు చూసింది. అక్కడ తోడల్లుడు తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. బస్సు కాపలాకి నమ్మదగ్గ మనిషి ఆ మొత్తం జనంలో వాడొక్కడే. డ్రైవరుకి ఆ సంగతి ఆమెకంటే ముందే తెలుసు. ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాడు గానీ, వాణ్ణి మాత్రం ఏదీ అడగకూడదని ఇన్నాళ్ళూ ఒట్టు పెట్టుకున్నట్టు బతికాడు. వాడి కారు ఎక్కలేదు, వాడు తెచ్చిన చొక్కా పెట్టెలోంచి తియ్యలేదు.

తాళం చెవి లాగాడు. దిగి, షెడ్డు దాకా నడిచాడు. భార్య బస్సు నీడలోనే నిలబడి ఉంది. తోడల్లుడు ఇతన్ని చూసి గబుక్కున లేచాడు, “ఏంటన్నయ్యా?” అన్నాడు.

డ్రైవరు తాళం చెవి వాడి తడి చేతిలో పెట్టాడు.

“తమ్ముడూ, కాసేపు నా సీట్లో కూర్చో. సామాను జాగ్రత్త. మీ వదినా నేనూ అలా కిందకి వెళ్ళొస్తాం. నువ్వు మాత్రం ఆ ఫోను పట్టుకుని వెనకాల రాకు.”