రెండో గురుతు కోసం ఆగిన ద్రాక్షతోట

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీకందరికీ నా వందనాలు! మన సంఘ పత్రికకు సాక్ష్యం రాసిమ్మని మన పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు, "జర తియ్యగ రాయి సుగుణమ్మా, నలుగురు సదువుతరు" అని ఒక మాట కూడా అన్నారు. తియ్యగా రాయడం నాకు చేతకాదు, అది మన సంఘంలో తెలియనివాళ్లు లేరు. అయినా దేవుడు నన్ను విడిపించిన మాట నిజం, ఆ నిజాన్ని చేదుగానైనా చెప్పకపోతే ఆయన మహిమను నేను దాచిపెట్టినదాన్నవుతాను, అందుకే రాస్తున్నాను.

చాలా సాక్ష్యాల్లో జబ్బు ఉంటుంది, తాగుడు ఉంటుంది, ఆస్పత్రి మంచం ఉంటుంది. నాకు జబ్బు చేయలేదు, మా ఇంట్లో ఎవరూ తాగరు. మా ద్రాక్షతోట మా కళ్ల ముందే చచ్చిపోతుంటే దాని మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, దేవుని పేరు చెప్పుకుని, ఏ పనీ చేయకుండా మేము గడిపిన రెండేళ్లే నా చీకటి. ఆ చీకటిని సాతాను తెచ్చిందంటే నేనొప్పుకోను, దాన్ని మా ఇంటికి తెచ్చింది భక్తిపరులే!

మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో మాకు నాలుగెకరాల నల్లద్రాక్ష తోట ఉండేది. మా మామగారు నాటిన తీగలు, ఆయన పాతి నిలబెట్టిన నిలువు రాతి కడీలు, ఆ కడీల మీద ఇనుప తీగెల పందిరి. తొంభైల మొదట్లో నేను బీకాం పాసై ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు దారికి రెండు పక్కలా తోటలే, ఎండాకాలం వచ్చిందంటే బస్సులో కూర్చున్నవాళ్లకు కూడా పండిన ద్రాక్ష వాసన తగిలేది. తర్వాత బోర్లు ఎండుతూ వచ్చాయి, నల్లద్రాక్షను చూసి మార్కెట్లో కమిషన్ ఏజెంట్లు మొహం తిప్పుకున్నారు, ఒక్కొక్క తోట పోయి ఆ జాగాలో రంగులేసిన ప్లాట్ల రాళ్లు మొలిచాయి. రెండు వేల సంవత్సరం దాటేసరికి ఆ దారిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని తోటలు, వాటిలో మాది ఒకటి.

మా ఆయన దేవదానం మంచివాడు. మంచివాడని నేను ఊరికే అనడం లేదు, ఆ మంచితనంతోనే నాకు అసలు కష్టం. చిన్నప్పుడే తల్లి పోతే అక్క పెంచింది, ఆమె మా శాంతమ్మ వదినె, మన స్త్రీల ప్రార్థన కూటానికి పెద్ద. ఆయనకు దేవుని వాక్యం తర్వాత ఆమె మాటే వాక్యం. ఒక్కోసారి వరుస తారుమారు కూడా అయ్యేది!

ఇక నా కల సంగతి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనంలో మనం తాగేదేమిటో అప్పట్లో మీలో ఎవరైనా ఆలోచించారా? చుట్టూ ద్రాక్షతోటలున్న ఊళ్లో మందిరం కట్టుకుని, ప్రభువు బల్ల మీద షాపులో కొన్న ఎసెన్సు కలిపిన రంగునీళ్లు పెట్టుకునేవాళ్లం. నాకు ఆ గిన్నె చేతికి వచ్చినప్పుడల్లా సిగ్గేసేది. నేను గుండ్లపోచంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని, అక్కడే కంప్యూటర్ నేర్చుకున్నాను, బడి అయ్యాక మేడ్చల్ చౌరస్తాలో దిగి ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక గంట కూర్చునేదాన్ని. ఇంట్లో కూర్చుని చేసిన వస్తువును ఎక్కడెక్కడి వాళ్లకో అమ్ముకుంటున్న ఆడవాళ్ల సంగతులు అందులో చదివి చదివి, మా ద్రాక్షను రసం తీసి, మరిగించి, సీసాల్లో పోసి, ఏ ఊరి సంఘానికి కావాలంటే ఆ ఊరికి పంపాలని నాకు కల పుట్టింది. ఆ తోట బతకడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. నేనే కిందా మీదా పడి ఒక వెబ్ పేజీ తయారుచేశాను, తోట ఫోటో పెట్టాను, రసం ఎలా తీస్తామో రాశాను, ఎగురుకుంటూ వచ్చి ఇంట్లో చెప్పాను.

అంతే, మరుసటి శుక్రవారానికి ప్రార్థన కూటం మా ఇంటికి వచ్చింది! నేను కాగితం మీద ప్రింటు తీసి తెచ్చిన ఆ పేజీ మీద అందరూ చేతులుంచారు, నూనె రాశారు, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. అయ్యాక వదినె కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది.

"ఏందే సుగుణా, దీంట్ల ఫోన్ నంబరు పెట్టినవా?"

"పెట్టకపోతె ఎట్ల వదినె? ఎవలడుగుతరు?"

"తీసెయ్. ఎవ్వరికి జెప్పకు, ఏ పాస్టరయ్యను అడుగకు. ఆర్డరు అదంతట అదే రావాలె, గప్పుడే అది దేవుని చిత్తమని తెలుస్తది. గురుతు వచ్చేదాంక ఒక్క సీస గూడ చెయ్యొద్దు."

"పొయ్యి మీద అన్నం అదంతట అదే ఉడుకుతదా వదినె?"

"గా నోరే నీకు శత్రువు! దేవునికంటె ముందుగాల ఉరుకుతవా?"

గురుతు అడగడం మనవాళ్లకు కొత్త కాదు. లేఖనాల్లో ఒక న్యాయాధిపతి రాత్రి గొర్రెబొచ్చు పరిచి, బొచ్చు తడిసి నేల పొడిగా ఉండాలని ఒకసారి, నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలని ఇంకోసారి అడిగాడని మనకందరికీ తెలుసు. ఆయన యుద్ధానికి పోతూ అడిగాడు. మనవాళ్లు బర్రె కొనాలన్నా గురుతే, పిల్లను చూడబోవాలన్నా గురుతే, గురుతు రాకపోతే పని తప్పింది కదా అని హాయిగా కూర్చోవచ్చు! కోపగించుకోకండి, నేను చూసిందే రాస్తున్నాను.

మా ఆయన ఏమన్నాడు? "అక్క జెప్పింది గద, జర ఆగు." అంతే అన్నాడు. నేను నంబరు తీసేశాను, పేజీలో మెయిల్ అడ్రసు ఒక్కటే మిగిలింది. నంబరు లేని పేజీ పెట్టుకుని, షట్టరు దించిన దుకాణం ముందు కూర్చుని గిరాకీ రాలేదని ఏడ్చినట్టు, బడి నుంచి వచ్చి వచ్చి మెయిల్ తెరిచి చూసేదాన్ని, ఖాళీ! శుక్రవారం శుక్రవారం కూటంలో "గురుతొచ్చిందా సుగుణా?" అని అడిగేవాళ్లు, రాలేదంటే నాలో దాచుకున్న పాపమేదో ఉందన్నట్టు చూసేవాళ్లు. ఆ ఏడు పంట ఏజెంటు ఎంతిస్తే అంతకు పోయింది. తీగలకు మందు కొట్టడం తగ్గింది, కడీలు రెండు వంగితే నిలబెట్టినవాడు లేడు. తోటలు కొని ప్లాట్లు చేసి అమ్మే ఆసామి ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి మా ఆయనతో గట్టు మీద కూర్చుని మాట్లాడిపోవడం మొదలైంది.

రెండో ఏడు కాయ రంగు తిరుగుతున్నప్పుడు, సహోదరులారా, మెయిల్ వచ్చింది! వరంగల్ వైపు పల్లెల్లో సంఘాలున్న ఒక పాస్టరయ్య రాశారు. ఆయన ఎట్లా చూశారో ఆ పేజీని, దేవునికే తెలుసు. 'సిస్టర్, వందనాలు. గుడ్ ఫ్రైడేకి, ఈస్టర్‌కి మా సంఘాలన్నిటికీ మీ ద్రాక్షరసం కావాలి. పంపగలరా? ఫోన్ నంబరు పెట్టలేదేమిటి?' అని. నేను ఇంటర్నెట్ సెంటర్‌లోనే ఏడ్చేశాను. దాన్ని ప్రింటు తీసుకుని ఆటో ఎక్కి నేరుగా వదినె ఇంటికి వెళ్లాను, మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు, చదివి వినిపించాను. ఆమె బైబిలు తెచ్చుకుని ఆ గొర్రెబొచ్చు అధ్యాయం తీసింది.

"రెండోది రావాలె" అంది.

"ఏందీ?"

"లేఖనంల రెండుసార్లడిగిండు. ఒక్కదానికే ఎగిరితె సాతాను గూడ పంపొచ్చు. ఇంకొకటి వస్తె ఇగ తిరుగులేదు."

"సాతానుకు ప్రభురాత్రి భోజనంతోని ఏం పని వదినె? ఆయనకు జవాబన్న ఇయ్యనియ్యిండ్రి!"

"జవాబిస్తె ఒప్పుకున్నట్టే గద."

నేను మా ఆయన వైపు తిరిగాను. "మీకు నోరుందా లేదా? ఉన్నదంత మీ అక్కకే ఇచ్చిండ్రా? కాయ ఆగుతదా మీ రెండో గురుతు కోసం?"

ఆయన తల దించుకుని, "గిట్ల లొల్లి జెయ్యకు సుగుణా" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను కూడా నోరు మూసుకున్నాను. ఊరందరూ శత్రువన్న నా నోరు, అది తెరవాల్సిన ఆ ఒక్క వారంలో మూతపడింది! రెండో మెయిల్ రానే వచ్చింది, అదీ ఆ అయ్యగారి నుంచే. 'సిస్టర్, మీ నుంచి జవాబు లేదు. పండుగ దగ్గరపడింది. ఈసారికి మేము షాపులో దొరికిందే వాడుకుంటాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.' తిట్టినా బాగుండేది, ఆ దీవెన నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ వారమే మా ఆయన ప్లాట్ల ఆసామికి మాటిచ్చాడు. దారికి ఆనుకున్న ముందు సగం ఆ ఎండాకాలమే, వెనక సగం వచ్చే ఎండాకాలం. నాకు చెప్పింది మాటిచ్చి వచ్చాక. ముందు సగం కాగితాలు కూడా అయిపోయాయి. ఒకరోజు పొద్దున జేసీబీ వచ్చింది. కాయ కోసిన తీగలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అది కడీని పట్టి లాగితే పందిరంతా ఒకేసారి వంగి, తీగెలు తెగుతూ చేసిన చప్పుడు వర్ణించడం నాకు రాదు. మామగారి కాలం నాటి మొదళ్లు, నా పిక్కంత లావు ఉండేవి, వేళ్లతో సహా పైకి లేచాయి. మా ఆయన బోరు గది వెనక్కి వెళ్లి నిలబడ్డాడు, చూడలేక. నేను మిగిలిన సగంలోకి వెళ్లి, నేల మీద కూర్చుని, గట్టిగా, ఆ యంత్రం మోతలో ఎవరికీ వినబడదన్న ధైర్యంతో ప్రార్థన చేశాను. చేశాను అనడం కన్నా దేవునితో కొట్లాడాను అనడం నిజం.

"ప్రభువా, నువ్వు న్యాయవంతుడివే అయితే నాకు జవాబు చెప్పు! ఆగమన్నది నువ్వా? ఆ అయ్యగారు రాసింది నీ పనా కాదా? నీ పనే అయితే మమ్మల్ని చెవులు పట్టుకుని ఎందుకు లేపలేదు? కాకపోతే ఇదుగో, ఈ సగం కూడా తీసుకుని పో, నాకు ఇంకేమీ వద్దు!"

స్వరం వినబడిందా అంటే వినబడలేదు. వెలుగు కనబడిందా, లేదు. కానీ సహోదరులారా, నా ప్రార్థనలోనే నా నోటి నుంచి వచ్చిన ఒక మాట నన్ను ఆపేసింది. 'ఆగమన్నది నువ్వా?' ఆగమన్నది ఆయన కాదు! ఒక్కనాడూ, ఒక్క వాక్యంలోనూ, ఒక్క ప్రార్థనలోనూ ఆయన నన్ను ఆగమనలేదు. ఆయన తీగలిచ్చాడు, చదువిచ్చాడు, ముక్కూమొహం తెలియని మనిషి చేత మెయిల్ కూడా రాయించాడు. నన్ను పట్టి ఉంచిన దయ్యానికి పేరు మర్యాద. ఆడబిడ్డ ముందు మర్యాద, కూటం ముందు మర్యాద, నలుగురూ నన్ను అవిశ్వాసి అంటారేమోనన్న భయం. అది నన్ను అక్కడే, ఆ మట్టిలోనే వదిలింది. లేచేటప్పుడు నా ఒంట్లో బరువు లేదు, స్తోత్రం! ఇది కట్టుకథ అనేవాళ్లు అనుకోండి, నా ఒళ్లు నాకు తెలుసు.

నేరుగా బోరు గది వెనక్కి వెళ్లాను. "ఈ సగానికి నాకు ఒక్క పంట ఇయ్యిండ్రి. కాకపోతె మీరన్నట్టే కానియ్యిండ్రి" అన్నాను.

ఆయన ఎర్రబడ్డ కళ్లతో, "అక్కకేం జెప్పాలె?" అన్నాడు.

"మీరేం జెప్పొద్దు. నేను జెప్త."

చెప్పాను. "వదినె, ఆగమని దేవుడు జెప్పలె, మీరు జెప్పిండ్రు. మిమ్ముల గౌరవిస్త, గని ఇగ ఆగ" అన్నాను. "నోరు జూడు, నోరు! పో, గా నోరు పెట్టుకొని నువ్వే అమ్ముకో పో!" అని తలుపేసుకుంది.

అమ్ముకున్నాను! ఆ సాయంత్రమే పేజీలో నంబరు పెట్టాను. వరంగల్ అయ్యగారికి క్షమించమని రాశాను, ఆయన పెద్ద మనసుతో "వచ్చే ఏడు తప్పకుండా" అన్నారు. కాయ పండేలోపు యాప్రాల్ నుంచి షామీర్‌పేట దాకా ఏ మందిరం కనబడితే ఆ మందిరం గేటు తట్టాను, కొందరు కూర్చోబెట్టి విన్నారు, కొందరు "ఆడది వచ్చి వ్యాపారం చేస్తోంది దేవుని మందిరంలో" అన్నారు, అన్నవాళ్లకు అక్కడికక్కడే జవాబు చెప్పి వచ్చాను. పంట వచ్చాక నేనూ, కాయ కోసే ఆడవాళ్లూ కలిసి ద్రాక్ష కడిగి, నలిపి, సన్నని మంట మీద మరిగించి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడపోసి, వేడి వేడిగానే సీసాల్లో పోసి బిరడాలు బిగించాం. మొదటి విడతలో కొన్ని సీసాలు పులిసిపోయి పేలాయి కూడా, మళ్లీ కాచాం. మెయిల్ వస్తే వచ్చిన పూటే జవాబు రాశాను. వచ్చిన ప్రతి ఆర్డరూ దేవుని చిత్తమా కాదా అని ఎవరినీ అడగలేదు. ఆ పంటలో ఒక్క గెల కూడా కమిషన్ ఏజెంటుకు వేయలేదు, దేవునికే మహిమ!

చివరి సీసాలు బస్సులో వేసి పంపిన రోజు మా ఆయన ఎవరూ చెప్పకుండానే చొక్కా మార్చుకుని ప్లాట్ల ఆసామి ఇంటికి పోయి, వెనక సగం ఇవ్వనని చెప్పి వచ్చాడు. మా పెళ్లయ్యాక ఆయన తనంతట తాను ఒక మనిషికి 'లేదు' అని చెప్పడం నేను చూసింది అదే మొదలు. అంతకన్నా పెద్ద అద్భుతం నాకు అక్కర్లేదు.

మా శాంతమ్మ వదినె ఇప్పటికీ నాతో మాట్లాడదు. మన మందిరంలో ఇప్పుడు ప్రభువు బల్ల మీద ఉండేది మా తోట రసమే, మొదటి ఆదివారం ఆమె తీసుకుంటుంది, గిన్నె నా చేతి నుంచి కాకుండా పక్కవాళ్ల చేతి నుంచి తీసుకుంటుంది. ఆమె మీద నాకున్న కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. దాని కోసం కూడా ప్రార్థన చేస్తున్నాను, మనసు లేకుండానే అయినా చేస్తున్నాను. పోయిన ముందు సగంలో ఇప్పుడు ఇళ్లు లేచాయి, ఎవరో పాపం మంచివాళ్లే ఉంటున్నారు, వాళ్ల గేట్ల ముందు నుంచి నడిచినప్పుడల్లా 'ఇదెందుకు పోనిచ్చావు ప్రభువా' అని అడుగుతూనే ఉన్నాను, ఆయన ఇంకా చెప్పలేదు. మిగిలినదాన్ని నిలబెట్టినందుకు ఆయనకు వేలాది స్తోత్రాలు!

ఇది చదువుతున్న ప్రియులారా, మీలో ఎంతమంది మీ మనసులో దేవుడు పెట్టిన పనిని చుట్టచుట్టి అటక మీద పెట్టి, దాని కింద కూర్చుని ప్రార్థన చేస్తున్నారో నాకు తెలియదు. ఆయనను నమ్మండి. నమ్మినవాడు కూర్చోడు. నా ప్రార్థన కావాలంటే మా ఇంటికి రండి, తోట వైపు తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, మీ కోసం సంతోషంగా మోకరిస్తాను. కానీ వచ్చేముందు ఆ పనిలో మీ వంతు చేయగలిగింది ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, మొదలుపెట్టి రండి. ఊరికే వచ్చినవాళ్ల చేతికి బుట్ట ఇచ్చి కాయ కోతకు పంపిస్తాను. ఆమేన్!