రాగి పట్టిన ఇనుప పైపు

మా ఆయన డోర్‌బెల్లులకు సర్క్యూట్ బోర్డులు చేస్తాడు. వెనక గదే ఫ్యాక్టరీ. బోర్డు మీద అక్కర్లేని రాగిని కరిగించడానికి ఒక గోధుమరంగు ద్రావకం వాడతాడు. దాని విషయంలో ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. లోహపు చెంచా తగలనివ్వడు. పని కాగానే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత బిగించి, మళ్ళీ మళ్ళీ అదే వాడతాడు. అది ఆకుపచ్చకు తిరిగి చచ్చిపోతే, కొంచెం కొంచెంగా చాకలి సోడా కలిపి, అడుగున పేరుకున్న మడ్డిని ఊరి చివర రసాయనాల చెత్త తీసుకునే చోట అప్పగించాలట. "కాలువలో పోస్తే ఇనుమును తినేస్తుంది, చేపల్ని చంపేస్తుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పేవాడు. పక్కన నిలబడి నేను వంత పాడేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులని ఊరికే అన్నారా!

కింది వాటాలో కుట్టుమిషన్ అక్క ఉంటుంది. ఒకరోజు ఆవిడ కుడుతున్న నర్సుల తెల్లకోట్ల మీద పైకప్పులోంచి గోధుమరంగు నీళ్ళు పడ్డాయి. మా స్నానాలగదిలో వాడిన నీళ్ళు బయటికి పోయే పైపు కారుతోంది. దాన్ని కిందటేడు వేసింది మా అన్నయ్యే, ప్లంబర్. ఇంటి ఓనరమ్మ అన్నయ్యను నోటికొచ్చినట్టు తిట్టింది. "పుచ్చు ఇనుము అంటగట్టావు. ఇక నా ఇళ్ళ వైపు తొంగిచూడకు" అంది.

అన్నయ్య తల వంచుకుని పైపు విప్పాడు. మా ఆయన టార్చి పట్టుకున్నాడు. లోపలంతా గుంటలు, వాటి చుట్టూ ఎర్రగా రాగి రంగు.

"ఇనుముకు రాగి రంగేంటి బావా? పైపు అమ్మిన షాపు తాత కల్తీ సరుకు ఇచ్చాడంటావా?"

"ఏమో" అన్నాడు మా ఆయన.

మర్నాడు భోజనాల వేళకు అన్నయ్య వచ్చాడు. ముఖం ఇంకా కందగడ్డలా ఉంది. "తాతను నలుగురిలో దొంగ అనేశాను చెల్లీ. ఒట్టేశాడు. నేను వినలేదు."

మా ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "తాత తప్పేం లేదు బావా. అంత దూరం వెళ్ళడానికి బద్ధకించి, పాడైన ద్రావకమంతా స్నానాలగదిలోనే పోస్తూ వచ్చాను. అందులో రాగే పైపుకు పట్టింది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎంతమందికి గొప్పలు చెప్పుకున్నాను ఈ మనిషి గురించి! అన్నయ్య అరిచినా బాగుండేది. "టార్చి పట్టుకున్నప్పుడే తెలుసా?" అని మాత్రం అడిగాడు. మా ఆయన తలూపాడు.

"నన్ను తిట్టించావు, సరే, మనలో మనం. ఆ ముసలాయన నీకేం చేశాడు?"

మా ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. "పద బావా. నువ్వెక్కడ అన్నావో అక్కడే, ఆ నలుగురి ముందే చెబుతాను."

"ఏ నలుగురు? తాత బేరాలు మానేశాడు. వచ్చేటప్పుడు చూశాను. కొట్లో ఉన్న కొత్త పైపులన్నీ ఒక్కొక్కటే కోసి, లోపల కల్తీ ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు."

మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాడు.