దరోగా మెడకు బెల్టు

ఆదిబాబు పుట్టి బుద్ధెరిగాక ఒక్క కుక్కనూ పెంచలేదు. అగ్రికో క్వార్టర్లలో గడ్డి కోయించడం, కొమ్మలు కొట్టించడం, ఎండిపోయిన మొక్కల తరఫున కంపెనీ సాహెబ్‌కు సంజాయిషీ చెప్పుకోవడం, ఇదీ ఆయన పని. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. అలాంటి మనిషిని పిలిచి సాహెబ్, ఊళ్లో పెంపుడు కుక్కలు తాడు లేకుండా పరిగెత్తడానికి పార్కు కట్టాలి, చోటు వెతుకు అన్నాడు.

అగ్రికోలో ఒక మూల చూపిస్తే క్వార్టర్ల వాళ్లు ఒప్పుకోలేదు. మా పిల్లలు క్రికెట్ ఎక్కడ ఆడాలని నిలదీశారు. ఆ పిల్లలు ఫోనులో తప్ప బ్యాటు పట్టి ఎన్నాళ్లయిందో. భాలుబాసాలో జాగా బాగానే ఉంది గానీ పెళ్లిళ్ల రోజుల్లో అక్కడ షామియానాలు లేస్తాయి. మాంసం వాసనకు సాహెబ్‌గార్ల కుక్కలు కంచె దూకి, పెళ్లికొడుకు కంటే ముందే పంక్తిలో కూర్చుంటాయని ఆదిబాబే దాన్ని కొట్టిపారేశాడు.

అప్పుడు తట్టింది ఆయనకు తెలివి. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన కొత్తలో వాళ్లమ్మ గుడిసె వేసుకోవడానికి కుక్కలు పడుకున్న చోటే ఎంచుకుందట. చల్లటి నేల, గాలి, నీడ మూడూ కుదిరితే గాని ఎండాకాలం కుక్క నడుం వాల్చదని ఆవిడ లెక్క. మనిషి గుడిసెకే పనికొచ్చిన లెక్క కుక్కల పార్కుకు పనికిరాదా?

భుయ్యాడీహ్ బస్తీలో నది ఒడ్డున నూకాలమ్మ ఇడ్లీ బండి ఉంది. ఆమె పోసే గంజి తాగి బతికే వీధికుక్కల మందకు పెద్ద, దరోగా. దారికి అడ్డంగా పడుకుని, ఎంత అదిలించినా ఒక్క కన్ను మాత్రం తెరిచి చూస్తుంది కాబట్టి దానికా పోలీసు పేరు. ఆదిబాబు బిస్కెట్లు పట్టుకుని, ఎండ ముదిరే వేళకు దాని వెనకాలే తిరగడం మొదలుపెట్టాడు. బస్తీ అంతా నవ్వింది. నూకాలమ్మ ఊరుకుంటుందా?

"ఏటి తమ్ముడా, డూటీ మారిపోనాదా? దరోగా కింద సిపాయిగా ఎక్కినావా?"

ఆయనా నవ్వాడు. ఎందుకు తిరుగుతున్నాడో మాత్రం చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు కనుకే చెప్పలేదు.

దరోగా దాచుకోలేదు. గట్టు దిగువన, నేరేడు చెట్ల కింద పల్లపు జాగాకు తీసుకెళ్లి, మంద మధ్యలో కాళ్లు చాపి పడుకుంది. నీళ్ల మీంచి వచ్చే గాలికి ఆదిబాబుకే కునుకు పట్టింది. సాహెబ్ వచ్చి చూసి భుజం తట్టాడు. ఎలా కనిపెట్టావంటే, అనుభవం సార్ అన్నాడు. కుక్క పేరు చెప్పడానికి నోరు రాలేదు.

కంచె పనీ ఆయనకే అప్పగించారు. ఇనుప వల బిగిస్తున్నంతసేపూ మంద అంతా వరసగా కూర్చుని చూసింది. బిస్కెట్ల ఆయన కడుతున్నాడంటే మన కోసమే అనుకున్నాయో ఏమో, తోకలు ఆడించడం ఆపలేదు. గేటు పక్కన బోర్డు పెట్టారు: ప్రతి కుక్కా మెడకు బెల్టుతో, యజమాని వెంట లోపలికి రావాలి; లోపల విప్పి వదలవచ్చు.

తెరిచే రోజు ఉదయం మంద చెట్ల కిందే ఉంది. ఖాళీ చేయించమన్నారు. కర్ర పట్టుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. ఆదిబాబు బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేస్తూ గేటు బయటికి నడిచాడు. అన్నీ వెనకాలే వచ్చేశాయి. ఆఖరున దరోగా. గేటు వేసేశాడు.

ఇంట్లో ఇదేదో గొప్పగా చెప్పబోతే కూతురు రోహిణి చదువుతున్న పుస్తకం మూసింది. "పాపా, బిస్కుట్ దిఖాకే ధోఖా దియా ఆప్‌నే." బిస్కెట్ చూపించి మోసం చేశావంటోంది.

మంద ఇప్పుడు సిమెంటు రోడ్డు మీద, ఎండలో. నూకాలమ్మ తిట్టలేదు. తిడితే బాగుండు. ఇడ్లీ ప్లేటు అందిస్తూ, "సట్నీ ఏత్తానా, బాబుగారూ?" అంది. తమ్ముడు పోయి బాబుగారు వచ్చాడు.

వారం తిరక్కుండా ఆదిబాబు సాక్చీ బజారుకు పోయి ఎర్ర బెల్టూ తాడూ కొన్నాడు. దరోగా మెడకు కడుతుంటే అది రెండు కళ్లూ తెరిచింది. పుట్టాక దాని మెడకు ఎవరూ ఏదీ కట్టలేదు. కరుస్తుందనుకున్నాడు. కరవలేదు. అదే ఆయనకు ఇంకా బాధనిపించింది.

లోపల బెల్టు విప్పాడు. నేరేడు చెట్ల దగ్గరికి పరిగెడుతుందని చూశాడు. దరోగా వెనక్కి తిరిగి, కంచె దగ్గరికి పోయి, అవతల ఎండలో ఉన్న మందకు ఆనుకుని పడుకుంది. మధ్యన ఆయన బిగించిన వల.

ఆదిబాబు అదే బెల్టు పట్టుకుని బయటికెళ్లి, ఇంకోదాని మెడకు కట్టి తీసుకొచ్చి విప్పాడు. మళ్లీ వెళ్లాడు. గేటు కాపలా ఉన్న బలరామ్‌కు అనుమానం వచ్చింది.

"బెల్టు ఒక్కటే, కుక్కలు మారిపోతన్నాయేటి?"

"బోర్డు సదువు. లోపల ఇప్పొచ్చునని ఉన్నాది."

"అన్నిటికీ మాలిక్ నువ్వేనా?"

"నానే" అన్నాడు ఆదిబాబు. సాహెబ్ చూస్తే ఉద్యోగం ఏమవుతుందో ఆ మాట అన్నాక గుర్తొచ్చింది. అయినా ఆఖరి కుక్కను కూడా లోపలికి తెచ్చాడు.

అప్పుడు గానీ దరోగా లేవలేదు. లేచి, మందను వెంటేసుకుని, చెట్ల కిందికి పోయింది.

గేటు బయట నూకాలమ్మ గంజి డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"నాను లోపలికి రావాలంటే నాకూ ఆ బెల్టు కట్టాలేటి, తమ్ముడా?"

బలరామ్ పగలబడి నవ్వాడు. ఆదిబాబుకు మాత్రం నవ్వు రాలేదు. తల వంచుకునే వెళ్లి, తను వేసిన గేటు తనే తెరిచి పట్టుకున్నాడు.