బీరువల బల్బు, కింది అరల లెన్సు

అందరు ఎట్లున్నరు? మొదటి గల్లీల మోకాలు ఆపరేషన్ అయిన పెద్దమ్మ కర్ర లేకుంట నడుస్తున్నదా? మందుల దుకాణం మీద కిరాయికుండే పంతులుగారికి షుగర్ దిగిందా? మూలమీది ఇంట్ల పుట్టిన పసిపిల్లకు కామెర్లు తగ్గినయా? పొద్దుగాల గాలి ఘాటుగ వస్తే దగ్గేటోళ్లు కిటికీలు మూసుకుంటున్నరా? గివన్ని అడగంది నాకు పాణం నిమ్మళం ఉండది. మీరంత మంచిగున్నరనుకొని మా ఇంటి సంగతి చెప్త.

మా మరిది పోయిండు. ఇరవై రోజులు దాటింది. పొద్దుగాల చాయ్ తాగిండు, గ్లాసు తనే కడిగి బోర్లిచ్చిండు, వాకిట్ల కుర్చీల కూసున్నడు. ఆయన పెండ్లాం, మా యారాలు, ఉప్మా తెచ్చేసరికి లేడు. ఆయన గురించి రాసియ్యుమని కాలనీ సంఘమోళ్లు అడిగిన్రు. ఏమన్న తప్పు రాస్తనేమోనని నాలుగు దినాలు కాయితం ముట్టలే. ఇయ్యాల రాస్తున్న.

బీరంగూడల మా ఇల్లు మీకు ఎరుకే. కింద నేను, పైన మరిది, యారాలు. మా ఆయన పోయినంక నా మంచి చెడ్డ అంత చూసింది మరిదే. పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల లేత్ మిషన్ మీద పనిచేసిండు, రిటైర్ అయ్యేదాక. ఇనుప పొట్టు గీరుకపోయి ఆయన చేతులు గరుకుగ ఉండేటివి. గా చేతులతోని కెమెర పట్టుకుంటె మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఉండేది.

మొదటి కెమెర వాళ్ల ఫోర్‌మన్ దగ్గర తీసుకున్నడు, పాతది, రీలు వేసేది. దానికి ఒక చిన్న లెన్సు. ఫోటోలు తీసుడు తర్వాత, ముందుగాల నెలరోజులు ఆ లెన్సును తిప్పుకుంటనే కూసున్నడు. "గీ మర సూడు వదినా, ఎంత సాఫ్‌గ తిరుగుతుందో. దీన్ని కోసినోడు ఎవడో గని వానికి దండం పెట్టాలె" అన్నడు. నాకు ఆ మర తెలువది, లెన్సు తెలువది. అది చేతిల నుంచి జారి పడితె ఎట్ల అని నేను కింద బొంత పరిచిన.

తర్వాత రీలు లేని కెమెర వచ్చింది. ఇగ అప్పటిసంది లెన్సుల పిచ్చి షురువైంది. అమీన్‌పూర్ చెరువు కాడికి ఆదివారం ఆదివారం పోయేటోడు. అక్కడికి కార్లల్ల కంపెనీ పిలగాండ్లు వస్తరు, ఒక్కొక్కని చేతిల సొరకాయంత లెన్సు. మా మరిది స్కూటర్ మీద పోయి వాళ్ల నడుమ నిలవడి పిట్టలను తీసేటోడు. ఇంకొకనికి ఇంకింత పొడుగు లెన్సు కనవడ్డదంటె ఈయనకు అన్నం సహించకపోయేది. డ్యూటీ అయినంక కూడ ఆగి ఓటీ మీద ఓటీ చేసి తను కూడ తెచ్చుకున్నడు, ఒకటెనుక ఒకటి. పండుగకు అంగి కుట్టిచ్చుకోలే గని లెన్సుకు తోలు సంచి కుట్టిచ్చిండు. చెరువు గట్టు మీద పాములుంటయని, కాలు జారుతదని నాకు పరేషాన్. గంటకోసారి ఫోన్ చేస్తుంటి. నా ఫోన్ మోగితే పిట్టలు లేచిపోతున్నయని వాళ్లు నవ్వేటోళ్లట.

పొద్దూకినంక మెత్తటి బట్ట పట్టుకొని తుడుసుకుంట కూసుంటె యారాలు ఊరుకునేది కాదు. "గా అద్దాన్ని సూసినంత మురిపెంగ నా మొహం ఎన్నడన్న సూసినవా?" అనేది. "నీకు బూజు పట్టదు గదనే" అనేటోడు.

ఆ బూజు ముచ్చటే నేను చెప్పాల్సింది.

వానకాలం తేమకు లెన్సుల లోపట బూజు పడతదట. పైన వాళ్ల గోడ చెమ్మకు నానుతది, నా గది పొడిగుంటది. అందుకని నా గదిల ఇనుప బీరువ ఒకటి పెట్టిండు. తలుపుకు తనే రంధ్రాలు చేసి, లోపట చిన్న బల్బు బిగిచ్చిండు. ఆ వేడికి లెన్సులు పొడిగుంటయట. "రాత్రి పగలు వెలుగనియ్యి వదినా, బంద్ చెయ్యకు" అని నాకు ఒప్పజెప్పిండు. ఇంత ఖరీదు సామాను నా గదిల పెట్టిండంటె నన్ను ఎంత నమ్మిండో.

కని నాకు అగ్గి భయం. బీరువల బట్ట సంచులున్నయి, కాయితం డబ్బాలున్నయి, నడుమ బల్బు కాలుతుంది. ఇల్లు అంటుకుంటదనిపిచ్చేది. మరిది స్కూటర్ గల్లీ మలుపు తిరగంగనే నేను స్విచ్ బంద్ చేసేదాన్ని. మళ్ల స్కూటర్ సప్పుడు ఇనవడంగనే వేసేదాన్ని. రాత్రి ఆయన పైకెక్కినంక కూడ బంద్ చేసే పండుకునేదాన్ని. ఆ వానకాలమంత గిట్లనే నడిచింది. బయటికి తీస్కపోయే పెద్ద లెన్సులకు ఎండ తగిలి ఏం కాలే. కింది అరల కూసున్న చిన్నది, ఫోర్‌మన్ ఇచ్చిన మొదటి లెన్సు, దాని లోపట తెల్లటి పోగులు అల్లుకున్నయి, సాలీడు గూడు లెక్క. పట్నం తీస్కపోతె బాగుచేసేటాయన, బూజు రెండు అద్దాలు అతికిన నడుమకు పోయింది, ఇగ రాదన్నడట.

ఇంటికొచ్చి ఒక్కటే మాట అడిగిండు. "బల్బు వెలుగుతనే ఉండె గద వదినా?"

"వెలుగుతనే ఉండె" అన్న.

గట్ల అన్న. ఎన్ని ఏండ్లు ఆ అబద్దం మోసిన్నో నాకే తెలుసు. ఆయన నవ్విన దినం ఎక్కువ భయమైతుండె. చెప్పేద్దామని చాయ్ గ్లాసు పట్టుకొని పైకి ఎక్కేదాన్ని, వేడి చాయ్ ఇచ్చి దిగేదాన్ని.

ఆ లెన్సు పారేస్తడనుకున్న. పారెయ్యలే. దసరాకు ఫ్యాక్టరీల మిషన్లకు పూజ చేస్తరు, బొట్లు పెట్టి, పూలేసి. ఆ దినం బూజు లెన్సే కెమెరకు తగిలిచ్చుకొని పోయిండు. మిషన్ పక్కన నిలవడ్డ ఒడిశా పిలగాన్ని తీసిండట. ఎండ కిటికీలకెల్లి పడి, ఆ బూజుకు చెదిరి, వాని మొహం చుట్టు పాల మీగడ లెక్క తెల్లగ వచ్చింది. ఆ పిలగాడు చూసుకొని, మా అమ్మకు పంపియ్యి చాచా అన్నడట.

ఆడికెల్లి మా మరిది మారిండు. పిట్టల పిచ్చి తగ్గింది. నన్ను కూసోవెట్టి చెప్పిండు ఒకసారి. "పెద్ద లెన్సుతోని పిట్ట దగ్గరికొస్తది వదినా, నేను గట్టు మీదనే ఉంట. దీనితోని నేనే దగ్గరికి పోవాలె. పోతే మాట్లాడాలె. వాని పేరు అడగాలె." సొరకాయంత లెన్సులు ఒక్కొక్కటి చెరువు కాడి పిలగాండ్లకు ఇచ్చేసిండు, వాడుకోండ్రి, ఊకె పెట్టకుండ్రి అనుకుంట. బీరువ ఖాళీ అయింది. కింది అరల చిన్నది ఒక్కటే మిగిలింది.

ఆదివారం వస్తే చెరువు కాడికి కాదు, ఫ్యాక్టరీల పనికొచ్చిన బీహారోళ్లు, ఒడిశోళ్లు ఉండే రూములల్లకు పోయేటోడు. ఒక్క రూముల ఎనిమిదిమంది దాక ఉంటరు. బనీన్లమీద ఉన్నోళ్లు జల్దీ జల్దీ అంగీలు తొడుక్కొని తయారయ్యేటోళ్లు. కొందరు వాళ్లింటోళ్లకు తమ రూము చూపియ్యొద్దని గోడకు దుప్పటి కట్టుకునేటోళ్లు. ఈయన దుప్పటి తియ్యుమనకపోయేది. "వాళ్లు ఎట్ల కనవడాలనుకుంటున్నరో గట్లనే తియ్యాలె" అనేటోడు. ఫోటోలు కడిగిచ్చి వాళ్లకే ఇచ్చి వచ్చేటోడు. ఎవ్వల దగ్గర చాయ్ తప్ప ఏం తీసుకోలే.

పోయిన చలికాలం డాక్టర్ గుండె జెర బలహీనంగ ఉందన్నడు. అప్పుడొక పొద్దు కెమెర పట్టుకొని కిందికి దిగొచ్చిండు. ఇందరికి తీసిన, నాది ఒక్కటి సరైంది లేదు, నువ్వు తియ్యి అన్నడు. గంత సామాను కిందపడేస్తనని, యారాలితోని తీయించుకొమ్మని బతిమాలిన.

"నువ్వే తియ్యాలె వదినా. గీ లెన్సు సగం నీ చేతి పనే గద" అన్నడు.

ఆయన వాకిట్ల ఎండల కుర్చీ వేసుకొని నిమ్మళంగ కూసున్నడు.

"నీకు ఎప్పటిసంది ఎరుక?" అని అడిగిన.

"అప్పటిసందే. ఇంటికి రాంగనే బీరువ తలుపు ముట్టుకునేటోన్ని. బల్బు వెలుగుతుండె, తలుపు సల్లగుండె. లేత్ మీద పనిచేసినోనికి వేడి సంగతి చేతికి తెల్వదా?"

"మరి ఒక్కమాట అనకపోతివి."

"అంటే నువ్వు బల్బు బంద్ చెయ్యకపోదువు, కని నిద్రపోకపోదువు. లెన్సు పోతే ఇంకోటి దొరుకుతది."

ఎక్కడ ఒత్తాలో చూపిచ్చిండు. ఒత్తిన. నా కండ్లల్ల నీళ్లకు ఏం కనవడిందో లేదో నాకే తెలువది. ఆయన చూసి, మంచిగొచ్చింది, ఇగ మళ్ల తియ్యొద్దన్నడు.

పదకొండో దినం రెండు ఆటోల నిండ రూముల పిలగాండ్లు వచ్చిన్రు. పనికి సెలవు పెట్టి వచ్చిన్రు, చెప్పులు గేటు బయటనే వరుసగ ఇడిచిన్రు. "ఊర్ల మా ఇంటి గోడకున్నది చాచా తీసిన ఫోటోనే" అని ఒక్కొక్కడు ఫోన్‌ల చూపిచ్చిండు. యారాలు ఏడ్చుకుంటనే అందరికి వడ్డించింది. నేను మాత్రం ఏడ్వలే. గర్వమైంది. నా మరిది అంటె ఎన్ని ఊర్లల్ల, నేను పేరు కూడ పలకరాని ఊర్లల్ల, గోడల మీద ఉన్నడు. ఆయన తీసిన ఫోటోల నడుమ మా ఇంటి గోడ మీద దండ వేసిన ఫోటో మాత్రం నేను తీసింది. కుడి చెవి దగ్గర మీగడ లెక్క తెల్లగ ఉంటది. అది కెమెర తప్పు కాదు, నా పని.

వచ్చే ఆదివారం నెల మాసికం. పొద్దుగాల పదింటికి అందరు రాండ్రి. మోకాలు నొప్పి ఉన్నోళ్లకు కింది గదిలనే కుర్చీలు వేపిస్త, మెట్లు ఎక్కే పని లేదు. ఫోటోలన్ని గోడకు పెట్టిస్తున్నం. నా గదిల ఆ ఇనుప బీరువ ఉంటది, లోపట చిన్న లెన్సు ఒక్కటే ఉంటది. వచ్చినోళ్లు ఒక్కసారి తలుపు మీద చెయ్యి పెట్టి చూడండ్రి. వెచ్చగుంటది.