మూడో నంబరు ఫోటో

కుసునోసె చిజు ఫోటోలు వాళ్ళింట్లో పదో పన్నెండో ఉంటాయి. మా టౌన్ ఆఫీసులో నాలుగు వేల దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ ఆవిడ గోతిలోనే ఉంటుంది. నెత్తిన పసుప్పచ్చ హెల్మెట్టు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో పలకంత నల్లబల్ల. బల్లమీద సుద్దతో ఇంటాయన పేరు, తారీఖు, ఆ రోజు జరిగిన పని. ముఖం మాత్రం సూటిగా కెమెరా వైపు. నవ్వు ఉండదు.

మా ఊరికి వెనక కొండ, ముందు సముద్రం. మధ్యలో వరిమళ్ళు, వాటి అంచున ఇళ్ళు. డ్రైనేజీ గొట్టాలు ఎప్పటికీ రావు, అంత ఊరు కాదు మాది. ఎవరి పెరట్లో వాళ్ళ మురుగునీరు శుద్ధిచేసే ట్యాంకు. ఆ ట్యాంకు భూమిలోకి దిగుతుంటే లైసెన్సున్న మనిషి పక్కనే నిలబడి చూడాలని చట్టం. చూశాడో లేదో ఆఫీసుకెలా తెలుస్తుంది? ఫోటో. గొయ్యి తవ్వితే ఒకటి, కంకర పరిస్తే రెండు, అడుగు కాంక్రీటు పోస్తే మూడు, ట్యాంకు దించితే నాలుగు, నీళ్ళు నింపితే అయిదు, ఇసక పూడిస్తే ఆరు. ఆరింట్లోనూ ఆ మనిషి ముఖం కనపడాలి. ఒక్కటి తగ్గినా ముద్ర పడదు, ఇంటివాళ్ళకి సబ్సిడీ రాదు.

ఒసాకాలో కాలేజీ రెండో ఏడు మానేసి వచ్చినవాణ్ణి. కొత్త ఫైళ్ళు సరిచూడ్డంతో పాటు ఈ పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు పడేశారు. నిజం చెప్పాలంటే అంత విసుగు పని ఇంకోటి లేదు. అయినా వరసగా ఎక్కిస్తుంటే ఒక మనిషి కళ్ళముందే పెద్దదవుతుంది. మొదటి ఫైల్లో చిజుకి ఇరవై ఎనిమిది, ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తుంది. రెండేళ్ళ తర్వాతి ఫైల్లో నల్లబల్ల పొట్టమీద ఆనించి ఉంది, ఏడో నెల. తర్వాత కళ్ళజోడు వచ్చింది. ఆ తర్వాత నెరిసిన జుట్టు.

ఆవిడ ఒకబయాషి వాళ్ళ కంపెనీలో చేరింది టీలిచ్చి ఫోన్లెత్తడానికి. అప్పటి ఓనరు పాతకాలం ప్లంబరు. ఆ రోజుల్లో కుళాయి లైసెన్సు ఊరికొకటి. వంతెన అవతల గొట్టం విప్పాలంటే అవతలి ఊరి పరీక్ష వేరే రాయాలి. అలాంటివి మూడు సంపాదించాడాయన. ట్యాంకుల చట్టం కొత్తగా వచ్చి ఇంకో పరీక్ష అనేసరికి పుస్తకం చిజు ముందు పడేశాడట. "నా కళ్ళకి అక్షరాలు ఆనడం లేదు, నువ్వు రాయి." రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది. మొగుడు బొనీతో అనే చేపలు పట్టే పడవమీద ఏడాదికి పది నెలలు సముద్రంలో ఉండేవాడు కాబట్టి చదువుకోడానికి ఇల్లు ఖాళీగా దొరికిందంటుంది.

మొదటి గోతి దగ్గర మేస్త్రీ, "అమ్మాయ్, పోయి టీ పెట్టు," అన్నాడట.

"టీ ఎప్పుడో పెట్టాను. కంకర పది సెంటీమీటర్లు పెట్టావా?" అందట చిజు.

కొలిస్తే ఆరు ఉంది.

మొన్న మార్చి పదిహేనున షికిజి తాత ఇంటి ఫైలు నా బల్లమీదికి వచ్చింది. మూడో నంబరు ఫోటో దగ్గర ఆగిపోయాను. హెల్మెట్టు ఆవిడదే. బూట్లు ఆవిడవే. నల్లబల్ల కింద ఆనించి ఉంది. కానీ మనిషి కెమెరాకి వీపు పెట్టి నిలబడింది. ముప్పై అయిదేళ్ళలో చిజు వీపు ఎలా ఉంటుందో ఈ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

ఫోన్ చేశాను. మధ్యాహ్నం అన్నం డబ్బా చేత్తో పట్టుకునే వచ్చింది.

"చిజు గారూ, ఇది మీరేనా?"

కళ్ళజోడు పైకి నెట్టి చూసింది. "నా నడుం పెళ్ళిలో కూడా ఇంత సన్నగా లేదు. ఇది యోషికి పెళ్ళాం."

యోషికి అంటే పాత ఓనరు కొడుకు. ఇప్పుడు వాడే ఓనరు. చుట్టరికం లేకపోయినా ఆవిడని పిన్నీ అంటాడు.

"పదో తారీఖున మా అక్క ఏడో ఏటి తద్దినం. వాళ్ళ ఊరు కోచి వెళ్ళాను. నేనొచ్చేదాకా కాంక్రీటు పొయ్యొద్దని చెప్పే వెళ్ళాను. వచ్చి చూస్తే పోసేసి ఉంది. 'పక్క ఊరి ఇంజనీరుని పిలిచి నిలబెట్టాను పిన్నీ' అన్నాడు. నమ్మాను. ఫోటో చూపించమని అడగాల్సింది, అడగలేదు."

"నేను చూడలేదనుకోమంటే అనుకుంటా," అన్నాను.

"చూశావుగా అబ్బాయ్. ఫైలు వెనక్కి తిప్పి పంపినట్టు ముద్ర వెయ్యి."

వేశాను. ఆ ముద్ర పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మార్చి ముప్పై ఒకటి దాటితే షికిజి తాత సబ్సిడీ పోయినట్టే. ఫోటో దొంగదని పైకి వెళ్తే పోయేది చిజు పేరు. కింద సంతకం ఆవిడదే మరి.

అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా షికిజి తాత ఇంటికి బయల్దేరింది. ఆఫీసు తనిఖీ అని చెప్పి నేనూ వెనకాలే వెళ్ళాను.

పెరడంతా చదును చేసేసి ఉంది. ట్యాంకు మూతలు మాత్రం పైకి కనపడుతున్నాయి. యోషికి గొట్టాలు బిగిస్తున్నాడు.

"ఒరేయ్ యోషికి, ఇసక తోడు. ట్యాంకు పైకి లేపాలి."

"పిన్నీ, పిచ్చెక్కిందా? నింపేశాం, పూడ్చేశాం!"

"నింపాం. పూడ్చాం. అడుగు నేను చూశానని రాసి పంపావు. నేను చూడలేదు."

"వర్షం వస్తుందన్నారు. పక్క ఊరాయన ఫోనెత్తలేదు. కాంక్రీటు లారీ అప్పటికే వీధిలోకి వచ్చేసింది. ఏం చెయ్యమంటావు? నా చేత్తో పోశాను, బంగారంలా ఉంది."

"ఉండొచ్చు."

"మరి? ఎవరికి తెలుస్తుంది?"

"ఈ ఆఫీసు కుర్రాడికి తెలిసింది. రేపు నీళ్ళకి తెలుస్తుంది. పక్కన వరిమడి చూడు, రెండడుగులు తవ్వితే ఊట. ఏడాదికోసారి లారీ వచ్చి ట్యాంకు తోడుతుందిగా? ట్యాంకుని పట్టి ఉంచే అడుగు సరిగ్గా లేకపోతే ఆ రోజు పొద్దున ఇది తిమింగలంలా పైకి తేలుతుంది. అవతలి లోయలో ఒకటి అలా తేలితే చూడ్డానికి జనం లంచ్ డబ్బాలు కట్టుకుని వెళ్ళారు."

యోషికి పాన పక్కన పడేశాడు. "ఓనర్ని నేను. లేపనంటున్నాను."

"ఓనరువి నువ్వే. లైసెన్సు నేను. రేపు నేను కార్డు జేబులో పెట్టుకుని ఇంట్లో కూచుంటే నీ బోర్డు దింపుకోవాలి. చట్టం అలా ఉంది, నేను రాసింది కాదు."

గుమ్మంలో కూచున్న షికిజి తాత గొంతు సవరించుకున్నాడు. ఆయనకి ఎనభై మూడు. "చిజూ, ఇరవై ఎనిమిదిన మా ఆవిడ తొమెని ఆస్పత్రి నించి పంపేస్తారు. కుడికాలు ఆడ్డం లేదు దానికి. బయట దొడ్డికి నేను మొయ్యలేను."

"మొయ్యక్కర్లేదు తాతా. తొమె ఇంట్లో కూచునే పని కానిస్తుంది, నీకంటే దర్జాగా. ఇరవై ఎనిమిది లోపే."

"మాటేనా?"

"నేను నీకు మాటివ్వను, ఫోటో ఇస్తాను," అంది.

మూడు రోజులు పట్టింది ఇసక తోడ్డానికి. గొట్టాలకి దెబ్బ తగలకుండా అంతా పారలతోనే. అందరికంటే వేగంగా తవ్వింది యోషికే. నాలుగో రోజు మోటారు పెట్టి ఊట నీళ్ళు లాగుతూ ఉండగా, ఖాళీ చేసిన ట్యాంకుని చిన్న క్రేన్ లారీ పైకి లేపింది. అరవై మూడేళ్ళ మనిషి నిచ్చెన వేయించుకుని బురదలోకి దిగింది. దిగే ముందు అలవాటు ప్రకారం, శుద్ధి కోసం, మూల మీద చిటికెడు ఉప్పు చల్లింది.

రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసింది. సుత్తి, ఉలి తీసుకుని మూల కొద్దిగా చెక్కింది. ఇనప చువ్వ తేలింది. మూరెడు దూరంలో ఇంకో చోట చెక్కితే ఇంకో చువ్వ. అంచున టేపు దించింది.

ఉండాల్సింది పది సెంటీమీటర్లు. పన్నెండు ఉంది.

పైనించి యోషికి అరిచాడు, "చూశావా!"

"చూశాను. ఇప్పుడు చూశాను." తల పైకెత్తింది. "మీ నాన్న కూడా ఇంత నున్నగా పొయ్యలేదురా. ఇంత బాగా పోసినవాడివి, ఆ పిల్లకి నా టోపీ ఎందుకు పెట్టావు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "లైసెన్సు లేదుగా."

"అయితే తెచ్చుకో. దిగు, ఈ టేపు పట్టుకో. ఆ కుర్రాడు ఫోటో తీస్తాడు."

చెక్కిన మూలలు పూడ్చి, ఆరనిచ్చి, ట్యాంకు మళ్ళీ దించి, నీళ్ళు నింపి, పూడ్చి, మూడు నించి ఆరు దాకా ఫోటోలన్నీ కొత్తగా తీశారు. ఇరవై ఆరున తనిఖీ అయింది. ఇరవై ఎనిమిదిన తొమెగారు చక్రాల కుర్చీలో వచ్చారు. కొత్త మరుగుదొడ్డి చూసి మొట్టమొదట అన్న మాట: "ముసలాయనా, ఇన్నాళ్ళూ ఇది పెట్టించడానికి నా కాలే పడిపోవాల్సి వచ్చిందా?"

ఫైలుతో పాటు చిజు ఒక కాగితం పెట్టింది. చేత్తో రాసింది. పదో తారీఖున తాను అక్కడ లేనని, పాత మూడో ఫోటోలో ఉన్నది తాను కాదని, విచారించకుండా సంతకం పెట్టడం తన తప్పని, ట్యాంకు పైకి లేపి చూశానని.

మా సెక్షన్ పెద్దాయన అది రెండుసార్లు చదివి తల పట్టుకున్నాడు. "ఉన్నానని అబద్ధం రాసేవాళ్ళని చూశాను. లేనని ఇంత ముచ్చటగా రాసి పంపేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదు. ఇప్పుడు దీన్ని నేను పైకి పంపాలి కదమ్మా!"

"పంపండి," అంది చిజు. "అందుకే రాశాను."

పంపాడు. సబ్సిడీ వచ్చింది. కంపెనీకి హెచ్చరిక కాగితం వచ్చింది. ముప్పై అయిదేళ్ళ రికార్డులో చిజు పేరు పక్కన మొదటిసారి ఒక గుర్తు పడింది. ఆవిడకి చదివి వినిపిస్తే, "అక్షరదోషాలు లేవుగా?" అని మాత్రం అడిగింది.

ఆ ఫైలు నేనే ఎక్కించాను. పాత మూడో నంబరు మీద ఎర్రగీత కొట్టి ఉంది, పక్కనే కొత్తది. బురద గోతిలో చిజు సూటిగా చూస్తోంది. పక్కన టేపు పట్టుకుని యోషికి. ఆవిడ ఫోటోల్లో ఇంకో మనిషి ఉండటం అదే మొదలు. నల్లబల్ల మీద రోజూ రాసే మాటలు కావు, పెద్ద అక్షరాలు: "పదిన లేను. పంతొమ్మిదిన ఎత్తి చూశాను. పన్నెండు సెంటీమీటర్లు."

పని అయిపోయాక చిజు కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగింది.

"అబ్బాయ్, ఇది ఒక కాపీ తియ్యగలవా?"

"ఆఫీసు పనికా?"

"కాదు, ఇంటికి. మా ఆయన వచ్చే నెల రేవుకి వస్తాడు." ఫోటోని వెలుతురు వైపు తిప్పి చూసుకుంది. "ఇందులో బాగా పడ్డాను."