కుంకుమ పెట్టిన ఫ్లాపీలు

1994. బళ్లారి కంటోన్మెంట్‌లో ఒక పాత బంగళా వెనకగది మా కంప్యూటర్ రిపేరు ఆఫీసు. ఉన్నది ముగ్గురం. బోర్డు మాత్రం ముప్పైమంది ఉన్నట్టు ఉండేది. ఊళ్లో కంప్యూటర్ ఎక్కడెక్కడ ఉందో నాకు కంఠతా వచ్చు, అంత తక్కువ అవి. స్క్రూడ్రైవర్ల సంచి భుజాన తగిలించుకుని మోపెడ్ మీద పోతుంటే జనం నన్ను టీవీ మెకానిక్ అనుకునేవాళ్లు. ఆ వయసులో నాకు అది పెద్ద అవమానం.

మా బతుకుతెరువు ఏఎంసీ. ఏడాదికొకసారి కుదుర్చుకునే ఒప్పందం. మిషను చెడినా చెడకపోయినా నెలకొకసారి మేమే వెళ్లి, దాని పొట్ట విప్పి దుమ్ము దులిపి, అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. దాన్ని ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు, జబ్బు రాకముందే చేసే వైద్యం. చివర్లో ‘కాల్ రిపోర్ట్’ అని ఒక కాగితం నింపి కస్టమరు సంతకం తీసుకోవాలి. ఆ కాగితం ఎవరూ చదవరని నా గట్టి నమ్మకం.

నిజం చెప్పాలంటే నాకు నడిచే మిషన్లంటే గిట్టేది కాదు. ఆగిపోయిన మిషన్లంటేనే మోజు. ఆగిపోయిన చోట నేను వెళ్లగానే కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, దేవుణ్ణి చూసినట్టు చూస్తారు. నడిచే చోట ‘ఏం, మళ్లీ వచ్చినావా’ అంటారు.

అలా అనకుండా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి పద్మావతమ్మ ఒక్కరే. బజారులో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం వాళ్లది. మొగవాళ్లు దుకాణం చూసుకుంటుంటే ఆమె విడిగా జీన్స్ ప్యాంట్ల షెడ్డు పెట్టింది. కత్తిరింపు షెడ్డులో, కుట్టడం ఆడవాళ్ల ఇళ్లలో. హుసేన్ సాబ్ అనే కటింగ్ మాస్టర్ బట్ట కత్తిరించి కట్టలు కడితే, ఆ కట్టలు వీధివీధికీ వెళ్లేవి. డెనిమ్‌తో ఒక చిక్కుంది. ఒక తానుకూ ఇంకో తానుకూ నీలం కొంచెం తేడా వస్తుంది. ఏ కట్ట ఏ తానుదో తెలియకపోతే ప్యాంటు ఒక కాలు ఒక రంగు, ఇంకో కాలు ఇంకో రంగు. ఏ కట్ట ఏ తానుది, ఎవరింట్లో ఉంది అన్న జాబితా కోసమే ఆమె కంప్యూటర్ కొన్నది. దాన్ని గిరిజ అనే ఆపరేటర్, కన్నడం కలిపి మాట్లాడే అమ్మాయి, నడిపేది. వారానికొకసారి, శనివారం, జాబితా మొత్తం ఫ్లాపీల్లోకి నకలు తీసి పెట్టేది. దాన్నే మేం బ్యాకప్ అంటాం.

ఆ ఏడాది దీపావళికి బెంగళూరు వ్యాపారి ఒకాయన ఆమెకు మొదటిసారి పెద్ద ఆర్డరు ఇచ్చాడు. గడువుకు అందితే ఏడాది పొడవునా పని ఇస్తానన్నాడు. షెడ్డునీ, ఊళ్లో కుట్టే ఆడవాళ్లనీ నిలబెట్టేది ఆ మాటే.

దసరా మరునాడు నా నెలవారీ విజిట్. ఫ్లాపీ ఒక్కొక్కదానికీ లేబుల్ మీద కుంకుమ బొట్టు ఉంది. చూసి నవ్వాను.

“ఆయుధపూజ కదా సార్,” అంది గిరిజ. “మిషనుకు పెట్టి వాటికి పెట్టకుంటే ఎట్లా?”

బ్యాకప్ సరిగా ఉందో లేదో తేలాలంటే రిస్టోర్ చేసి చూడాలి, అంటే ఫ్లాపీల్లోంచి తిరిగి మిషన్లోకి ఎక్కించి చూడాలి. గంట పని. కురుగోడులో ఒక రైసుమిల్లు కంప్యూటర్ ఆగిపోయిందని పొద్దున్నే కబురొచ్చింది. నా మనసు అప్పటికే కురుగోడు బస్సెక్కింది. మమ అనిపించి, ‘బ్యాకప్ చెక్‌డ్, ఓకే’ అని రాసేశాను.

పద్మావతమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం పైనుంచి కిందికి చదివింది. నాకు ఆశ్చర్యం వేసింది.

“ఏమప్పా, ఈ డిస్కు పాతదయ్యిందని పోయిన నెల రాస్తివి కదా. రెండో మిషను ఇప్పుడే కొనాల్నా, ఉగాది దాంకా ఆగొచ్చునా?”

“బ్యాకప్ ఉందమ్మా. ఉగాదికి చూసుకోవచ్చు.”

“సరి అయితే. మిషనుకని తీసిపెట్టిన డబ్బు బట్టకు పెడతా.”

మూడో రోజు మధ్యాహ్నం ఫోను. గిరిజ చేసింది. “సార్, నోడ్రి, చూడండి, ఏమీ రావట్లేదు. లోపల కరకరమంటాంది.”

హార్డ్ డిస్క్ పోయింది. జాబితా ఉండేది అందులోనే. నేను మాత్రం ధీమాగానే ఉన్నాను. కొత్త డిస్కు బిగించి మొదటి ఫ్లాపీ పెట్టాను. చదవలేదు. రెండోది చదవలేదు. ఆఖరిదాకా అంతే.

“పూజలో వీటిని ఎక్కడ పెట్టారు?” అని అడిగాను.

గిరిజ ఇత్తడి తాంబాళం తెచ్చి చూపించింది. కత్తెర్లు, టేపులు, సూదులు, మధ్యలో ఒక పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం. కింద పడిన సూదులను ఏరడానికి హుసేన్ సాబ్ వాడేది. పూజకు ముందురోజు బ్యాకప్ తీసి, ఫ్లాపీలను భక్తిగా దానికి ఆనించి నిలబెట్టారు. ఒక పగలు, ఒక రాత్రి. ఫ్లాపీలో రాత నిలిచేది అయస్కాంతం గుణంతోనే. పక్కన అంతకన్నా బలమైనది పెడితే ఉన్న రాత చెరిగిపోతుంది. ఈ ముక్క నేను వాళ్లకు ఏనాడూ చెప్పలేదు. పోనీ, ఆ రోజు ఒక్క గంట కూర్చుని ఉంటే అప్పుడే తెలిసేది. అప్పటికి పాత డిస్కు బతికే ఉంది, ఇంకో నకలు తీసుకునేవాళ్లం.

తల కొట్టేసినట్టయింది. “రిపోర్టులో ఓకే అని రాశాను గానీ చూడలేదమ్మా,” అని చెప్పేశాను.

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. ఫైలు తీసి నా ముందు పెట్టింది. రెండేళ్ల కాల్ రిపోర్టులు, వరస తప్పకుండా. పక్కన పెన్సిలుతో ఆమె రాతలు: ‘ప్రింటర్ హెడ్డు, ఆషాఢానికి’, ‘ఇంకో ఆపరేటర్, వచ్చే ఏడు’. నేను విసుగ్గా గీకిన ప్రతి వాక్యానికీ ఎదురుగా ఆమె ఒక నిర్ణయం రాసుకుంది.

“నువ్వు మిషను కోసరం రాస్తాండాననుకుంటివి. నేను దీన్ని చూసుకునే ఏడాది పని ఏసుకుంటాండా. నువ్వు ఓకే అంటివని మిషను ఆపి బట్ట కొంటి. అబద్ధం రాసేదానికి నా సంతకమెందుకప్పా?”

అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

హుసేన్ సాబ్ గడ్డం నిమురుకుంటూ అన్నాడు: “ఫికర్ చేయొద్దమ్మా. కట్టలన్నీ తెప్పీయండి. బట్టను ఎండలో పెడితే అదే చెప్తాది యా తానుదో.”

వీధివీధికీ కబురు వెళ్లింది. మరునాడు పొద్దున్నే ఆడవాళ్లు కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. “ఒక్కటి కూడా యాడికీ పోలేదమ్మా, లెక్క చూసుకోండి,” అంటూ దించారు. హుసేన్ సాబ్ ఆవరణలో చాప పరిచి, ఒక్కో కట్ట నుంచి పీలిక లాగి, ఎండకు తిప్పి, తాను నంబరు చెప్పేవాడు. ఆ కట్ట ఎవరింటి నుంచి వచ్చిందో కలిపి గిరిజ చదివేది, నేను టైపు చేసేవాణ్ణి. మూడు పగళ్లు పట్టింది. మూడోనాటికి నా కళ్లకు కూడా నీలంలో ఇన్ని నీలాలున్నాయని తెలిసింది. జాబితా నిలబడింది గానీ మూడురోజుల కుట్టు పోయింది. సరుకులో కొంత దీపావళి దాటాక వెళ్లింది. వ్యాపారి గొణిగాడు, ఏడాది పని ఇస్తానన్నవాడు సగమే ఇచ్చాడు. ఆ మిగతా సగం నేను ఎగ్గొట్టిన గంటకు కట్టిన వెల.

ఆమె నా ఒప్పందం రద్దు చేయలేదు. ఒక్క షరతు పెట్టింది. “ఇంక మీద ఏమి బాగుండాదో రాసేది సాలు. ముందు ఏది పోతాదో, ఎన్నాళ్లకు పోతాదో అది రాయి. తెలీకుంటే తెలీదని రాయి.” ఆ నెల నుంచి ప్రతి విజిట్‌లోనూ గంట కూర్చుని రిస్టోర్ చేసి చూశాకే పెన్ను తీసేవాణ్ణి. తర్వాత మిగతా కస్టమర్లకూ అలాగే రాయడం మొదలుపెట్టాను. వాళ్లు కూడా ఉగాదికి ముందు నన్ను పిలిచి, వచ్చే ఏడాది ఏం కొనాలో, ఏది ఆపాలో అడగసాగారు. ఆగిపోయిన మిషన్ల మీద మోజు తెలియకుండానే వదిలింది.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. హుసేన్ సాబ్ కూడా లేడు. ఆ మూడు రోజుల ఎండా, చాపమీద నీలం పీలికలూ తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

ఆ మరుసటి ఏడు ఆయుధపూజకు పద్మావతమ్మ నన్ను పిలిచింది. అయస్కాంతాన్ని దూరంగా వేరే పళ్లెంలో పెట్టారు. తాంబాళంలో కత్తెర్ల పక్కన, కిందటేడు ఫ్లాపీలు పెట్టిన చోట, నా కాల్ రిపోర్టుల ఫైలు ఉంది. అట్ట మీద కుంకుమ బొట్టు. ఆమె కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టింది. అంతే. ఆ తర్వాత చూడకుండా ఓకే అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.